రెండు గీతల చుట్టరికం

తలుపులు మూసుకున్నాక కూడా వదిన చెయ్యే కళ్ళ ముందు ఆడుతోంది. చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోతుంటే దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసింది, వెళ్ళొస్తానన్నట్టు ఊపలేదు, అరచేతిని కిందికి నొక్కి చూపించింది, ఇక్కడే కూర్చో, కదలకు, అన్నట్టు. ఆమె కూర్చుంది. కూర్చున్న మాటే గాని కాలు ఒకచోట నిలవడం లేదు, మడమ నేలకు ఆనదు, ఇనప కుర్చీలన్నిటినీ ఒకే కడ్డీకి బిగించారేమో ఆమె మోకాలు ఆడితే ఆ చివరనున్న ముసలాయన చేతిలో పేపరు కూడా ఆడుతోంది, ఆయన తలెత్తి చూశాడు, మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంది, చెయ్యి తీయగానే మళ్ళీ మొదలు. గొంతులో గడ్డ. థైరాయిడ్‌కి ఒక పక్కన. చిక్కుడు గింజంత అన్నారు మొదట, తర్వాత ఇంకాస్త పెద్దది అన్నారు, ఆ పక్క తీసి అక్కడికక్కడే ల్యాబుకు పంపుతాం, మంచిదైతే కుట్టేస్తాం, చెడ్డదైతే రెండో పక్క కూడా తీసెయ్యాల్సి రావచ్చు, అప్పుడు బయటికొచ్చి మీవాళ్ళని అడుగుతాం, అంది డాక్టరమ్మ. రెండో పక్కకూ వెళ్తే గొంతు నరాలు రెండూ కత్తికి దగ్గరవుతాయి, మామూలుగా ఏమీ కాదు, ఎప్పుడో ఎవరికో మాట బొంగురు పోతుంది, ఎప్పుడో ఎవరికో అసలు రాకుండా పోతుంది. ఎప్పుడో ఎవరికో అన్న దగ్గర వదిన నవ్వింది, ఎందుకంటే వదిన రేడియోలో వార్తలు చదువుతుంది, ఎప్పుడో ఎవరికో జరిగినవన్నీ రోజూ పొద్దున్నే ఆ గొంతులోంచే బయటికొస్తాయి. ఆ తర్వాత ఇంటికెళ్ళే దారిలో నవ్వకుండా చెప్పింది. "చూడు పిల్లా, చెడ్డదని తేలితే తీసెయ్యమనకు, వద్దనీ అనకు. కుట్టేసి నన్ను లేపమను. నేను లేచి, విని, అప్పుడు చెప్తాను. మళ్ళీ కొయ్యాల్సొస్తే కోయించుకుంటాను. నేను నిద్రలో ఉండగా నా సంగతి ఎవరూ తేల్చొద్దు. మీ అన్నయ్య తేల్చింది చాలు."

అంతే. మోయాల్సింది ఆ ఒక్క మాటే. లేపి అడగండి. నోట్లో పెట్టుకుని కూర్చుంది, మాత్ర కరిగిపోకుండా నాలుక కింద దాచుకున్నట్టు. కాని ఆ మాట అనే హక్కు తనకి లేదు. లేదని పొద్దున కౌంటరు దగ్గర తేలింది, తేల్చింది ఎవరో కాదు, తనే, కంప్యూటరు కోసం తను గీసిన చుట్టరికాల బొమ్మే. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న కౌంటరాయన, "ఆవిడకి మీరేమవుతారు?" అన్నాడు. "ఆడపడుచుని," అంది. ఆయన స్క్రీన్ మీదికి వంగి, "ఇందులో మీ పేరు రావట్లేదండీ. ఆవిడ తరఫున ఒక్కరే వస్తున్నారు, అక్కగారట," అన్నాడు. వదిన కౌంటరు మీద మోచేతులు ఆనించింది. "నా తరఫున ఈ పిల్ల ఉంటుందని నేనే చెప్తున్నాగా, ఇక్కడే నిలబడి!" "మీరు చెప్తే నేను నమ్ముతానమ్మా, ఇది నమ్మాలిగా. ఇందులో ఎంచుకోవడమే గాని రాయడానికి చోటు లేదు. ఎవడో మహానుభావుడు చేశాడు." "మహానుభావురాలు," అని గొణిగి వదిన ఆమె డొక్కలో పొడిచింది. "చూశావుటే, నాతో మాటల్లేని మా అక్కని ఎక్కణ్ణుంచో వెతికి పట్టుకొచ్చింది నీ బొమ్మ! నేను ఇన్నేళ్ళుగా చెయ్యలేని పని." కౌంటరాయనకి అర్థం కాలేదు. అవసరమైతే అక్కగారికి ఫోన్ చేస్తాం, ఆవిడ ఊఁ అంటే సరే, అని ముద్ర కొట్టి కాగితం ఇచ్చేశాడు, మీరు బయట కూర్చోవచ్చండీ, కూర్చోడానికి ఎవరైనా కూర్చోవచ్చు, అన్నాడు. మంచివాడే. ఎవరైనా, అన్నాడు.

ఎంచుకోవడమే గాని రాయడానికి చోటు లేదు. ఆ మాట ఆమెదే. ఆఫీసులో పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు, గోడకున్న తెల్ల పలక ముందు నిలబడి, ఎంత ధీమాగా అంది! రాయడానికి చోటిచ్చారా, చచ్చామే, ఒకడు పిన్ని అంటాడు, ఒకడు చిన్నమ్మ అంటాడు, ఇంకొకడు తప్పు రాస్తాడు, రేపు యంత్రానికి ముగ్గురూ వేరే మనుషులు. అందుకే చుక్కలూ గీతలూ. మనిషి ఒక చుక్క. గీతలు రెండే రకాలు, పుట్టుక గీత, పెళ్ళి గీత. పెంపకం వచ్చినా పుట్టుక కిందే లెక్క. ఈ రెండూ ఉంటే చాలు, మేనత్త, బాబాయి, తోడికోడలు, తోడల్లుడు, వియ్యపురాలు, మనవడి మామగారు, అన్నీ వాటంతట అవే పుట్టుకొస్తాయి, వాటిని వేరే దాచక్కర్లేదు, దాచినది పాతబడుతుంది, లెక్కగట్టినది ఎప్పుడూ తాజాగా ఉంటుంది. నల్లరంగు పెన్నుతో పలక మీద గీస్తుంటే గదిలో చిన్న నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం ఆమెకిష్టం, జనం ఒక బొమ్మలోకి దిగేటప్పుడు వచ్చే నిశ్శబ్దం అది. చుట్టరికం అని పేరు పెట్టారు ఆ ప్రోగ్రాం ముక్కకి. ఒక్కసారి కడితే చాలు, బడిలో పెట్టుకోవచ్చు, ఆస్పత్రిలో పెట్టుకోవచ్చు, బ్యాంకులో, పెళ్ళిళ్ళు నమోదు చేసే ఆఫీసులో, ఎక్కడ పెట్టినా ఇమిడిపోతుంది. ఎక్కడ పెట్టినా ఇమడాలంటే, అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది, తను ఎక్కడ ఉందో దానికి తెలియకూడదు, చుట్టూ ఏం జరుగుతోందో దానికి పట్టకూడదు, ఏమీ తెలియకపోవడమే దాని బలం. రాసుకునేవారు. ఇప్పుడు ఈ కుర్చీలో ఆ వాక్యం తలుచుకుంటే వీపు మీద ఏదో పాకినట్టుంది, ఏమీ తెలియకపోవడమే బలం, ఎవరి గురించి చెప్పింది ఆ మాట.

ఫోన్ వణికింది. పేచీ. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు, ప్రతిదానికీ అడ్డం పడతాడని పేచీ అంటారు, అతనూ అలాగే పలుకుతాడు. "అమ్మా తల్లీ, ఎలా ఉంది అక్కడ?" "లోపలికి తీసుకెళ్ళారు." "ధైర్యంగా ఉండండి. అడగకూడని టైములో అడుగుతున్నానని తిట్టుకోకండి, పెద్దాయన పచార్లు చేస్తున్నారు, కార్పెట్ అరిగిపోయేలా ఉంది. చుట్టరికానికి ముద్ర వెయ్యమంటారా? మీరు సరే అంటే గాని వెయ్యనన్నాను." ముద్ర వేస్తే ఇక ఎవరూ లోపల చెయ్యి పెట్టకూడదు, అదే ఏర్పాటు, ఎందరో దాని మీద కట్టుకుంటారు గనక పునాది కదలకూడదు, ఈ ఆస్పత్రిలాంటి నాలుగైదు చోట్ల మాత్రమే పెట్టి చూశారు ఇంతవరకు, రేపటి నుంచి అందరూ అదే. "మళ్ళీ చేస్తాను," అంది. "మీరు నన్ను ఇప్పుడు ఒక మాట అనాలి, నీ పేచీ ఆపు అని. అనకపోతే నాకు భయంగా ఉంది," అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. అతను ఆ రోజు బల్ల చివర కూర్చుని పెన్ను మూత కొరుకుతూ అడిగాడు, ఈ ముక్క దేనికండీ, ఒక్క వాక్యంలో చెప్పండి. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పడానికి, అంది. అయితే ఆస్పత్రివాళ్ళు దీన్ని ఎవర్ని అడగాలో తెలుసుకోడానికి వాడతారేంటి, రెండూ ఒకటేనా? రెండూ ఒకటే, అంది ఆమె, నవ్వించడానికి, ఏమవని వాళ్ళని ఎవరు అడుగుతారు? నవ్వారు. అతనూ నవ్వాడు.

ముసలాయన పేపరు మడిచి లేచాడు. కుర్చీ తేలిగ్గా పైకి లేచినట్టయింది. నేల మీద రంగు పట్టీలు, పచ్చది పట్టుకుని పోతే ఎక్స్‌రే, నీలంది పట్టుకుని పోతే రక్తపరీక్ష, ఎవరో పాపాయినెత్తుకున్న ఆవిడ నీలం మీద నడుస్తూ నడుస్తూ మధ్యలో పచ్చదాని మీదికి మళ్ళింది, ఏమండీ, అని పిలవబోయింది ఆమె, అటు కావాలేమో, ఆవిడకి తెలుసేమో. తెలుసునేమో అని వదిలెయ్యడం ఎంత కష్టమో. వదిన ఇంట్లోకొచ్చినప్పుడు తనకి రెండు జడల వయసు, పరీక్షలంటే కడుపునొప్పి వచ్చేది, పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి, అమ్మ తిట్టేది, అన్నయ్య వెక్కిరించేవాడు, కొత్త కోడలు వంటింటి గడప మీద కూర్చుని చరిత్ర పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది, ఎవరూ చదవమనలేదు, వార్తలు చదివినట్టే చదివింది, రాజులూ యుద్ధాలూ అప్పుడే జరిగినట్టు, కొద్దిసేపటి క్రితం అందిన సమాచారం ప్రకారం కోట కూలిపోయింది అని, నవ్వి నవ్వి కడుపునొప్పి పోయింది. ఆ తర్వాత తనకి ఏది చదవాలన్నా ఆ గొంతులోనే వినిపించేది. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా రాసి పంపితే లోపల చదివేది వదినే. రెండో పక్క తీస్తే, నరం తెగితే, లోపలి గొంతు కూడా ఆగిపోతుందా, అది తనలో ఉన్నదా వదినలో ఉన్నదా, ఎక్కడిదో తెలియని దాన్ని ఎలా గీస్తారు. అన్నయ్య వెళ్ళిపోయిన రోజు వదిన పొద్దుటి డ్యూటీలో ఉంది. వార్తలు చదివి ఇంటికొచ్చేసరికి అలమార ఒక వైపు ఖాళీ. తగాదా లేదు, కేకలు లేవు, తేల్చుకున్నాను అని ఒక మెసేజి. ఎవరితో తేల్చుకున్నాడు? ఆ సాయంత్రం ఆమె వదిన దగ్గరికి వెళ్తే తలుపు తీసి, "నువ్వు ఆ పక్కా ఈ పక్కా?" అంది. "ఆకలేస్తోంది వదినా," అంది ఆమె. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆ మధ్య అన్నయ్య పెళ్ళిళ్ళు నమోదు చేసే ఆఫీసుకెళ్ళి విడాకుల సంగతి నమోదు చేయించాడు, చట్టప్రకారం, సక్రమంగా, ఆ ఆఫీసులో పెళ్ళి గీత చెరిగింది, చెరిగిన ఆ రోజే ఈ ఆస్పత్రిలోనూ చెరిగింది, ఒక చోట మారిస్తే అన్ని చోట్లా మారాలి, లేకపోతే ఒకే ముక్క అందరూ వాడుకోవడంలో గొప్పేముంది. గీత ఉంటేనే వదిన. గీత పోతే ఎవరో ఒక చుక్క, ఇంకో చుక్క, నడుమ తెల్లటి ఖాళీ. రక్తం గీత మాత్రం చెరగదు, చెరపడానికి మీటే పెట్టలేదు, అందుకని అక్క. పెళ్ళికి ఒప్పుకోక తలుపేసుకున్న అక్క. బొమ్మ ఎక్కడా తప్పు చెయ్యలేదు, ఆమెకి ఒళ్ళు మండుతోంది అందుకే, తప్పు దొరికితే దిద్దుకోవచ్చు, ఇది చెప్పినట్టే చేసింది.

తలుపు సగం తెరుచుకుంది. ఆమె లేచి నిలబడింది. ఆకుపచ్చ టోపీ ఆయన బయటికి తల పెట్టి, "మోకాలి చిప్ప పేషెంటు తాలూకు ఎవరండీ?" అని అరిచాడు. ఇద్దరు ముగ్గురు ఒక్కసారే లేచారు, ఒకాయన పొరుగాయనట, ఒకావిడ పనిచేసేచోట తోటిదట, నేను నేను అంటూ వెళ్ళారు, టోపీ ఆయన ఎవర్నీ నువ్వేమవుతావని అడగలేదు, మందుల చీటీ ముందు చెయ్యి చాచినవాళ్ళకి ఇచ్చి వెళ్ళిపోయాడు. తాలూకు. ఆమె మళ్ళీ కూర్చుంది, కాదు, కూర్చోలేక గోడ వెంట నడిచింది, నీళ్ళ యంత్రం దాకా వెళ్ళి వెనక్కి. ఎవరు ఏమవుతారో ఆ మాట అడగదు. ఎవరొచ్చారు, ఎవరు లేస్తారు, అంతే. మందుల చీటీకి అది చాలు. కోతకి చాలదు, నిజమే, కోతకి ఎవడు పడితే వాడు లేవకూడదు, ఆస్తి కోసం లేచేవాడుంటాడు, పగతో లేచేవాడుంటాడు, అందుకే కదా ఎంచుకోవడమే అన్నది, తనేం తెలివితక్కువగా అనలేదు. కాని ఏమవుతారు అన్నది ఒక సంగతి. ఎవరి మాట చెల్లుతుంది అన్నది వేరే సంగతి. మొదటిది పుడితే వస్తుంది, పెళ్ళయితే వస్తుంది, మనం అడక్కుండానే వచ్చి పడుతుంది. రెండోది ఇస్తే వస్తుంది. మెలకువగా ఉన్న మనిషి, తన నోటితో, ఫలానా వాళ్ళకి ఇస్తున్నాను అంటే వస్తుంది, వద్దు అంటే పోతుంది. రెండిట్నీ ఒకే గుడ్డలో మూటకట్టింది. అది చుట్టరికంలో ఉండాల్సిన ముక్క కాదసలు, చుట్టరికానికి గదుల్లేవు దాన్ని పెట్టడానికి, పక్కన ఇంకో చిన్న ఇల్లు కట్టాలి, చుక్కలే ఉంటాయి అందులో కూడా, కాని గీత ఒక వైపుకే, బాణంలాగా, ఇచ్చినవాళ్ళ నుంచి పుచ్చుకున్నవాళ్ళకి, దేని కోసం ఇచ్చారో దాని మీద రాసి. అది బ్యాంకులోనూ ఇముడుతుంది, బడిలోనూ, పిల్లని ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరొస్తారో ఆ పిల్ల తల్లి చెప్తుంది, మేనమామ అయినంత మాత్రాన పంపెయ్యరు. పేచీ సన్నాసి, అప్పుడే గట్టిగా అరవొచ్చుగా, నవ్వి ఊరుకున్నాడు. అయినా అందమైన ఆలోచనే, చేతులు పలక కోసం వెతుక్కుంటున్నాయి, ఛీ, లోపల వదిన గొంతు తెరిచి ఉంది, ఇక్కడ తను ఇల్లు కడుతోంది.

ఇదంతా ఎప్పటికో. ఇప్పుడు? చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో తాళం ఉంది. చుట్టరికాన్ని కట్టినవాళ్ళలో ఒకరిద్దరికే ఆ తాళం, ఎక్కడైనా గీత తప్పుపడితే చేత్తో దిద్దడానికి. తెరిచింది. వేలి కింద వదిన చుక్క. ఆమె చుక్క. ఒక్క గీత చాలు. చెల్లెలు అని నేరుగా రాయడం కుదరదు, చెల్లెలు అనేది లెక్కలో రావాలి, తల్లి ఒక్కరే కావాలి, సరే, వదినను అమ్మ పెంచుకున్నట్టు గీస్తే? అమ్మ పోయింది, అడ్డు చెప్పదు, నాకు కోడలు కాదమ్మా కూతురు అని అందరితోనూ అనేది, అదే గియ్యడం. వేలు కదిలింది. గీత ఇంకా పక్కా కాలేదు, యంత్రం ముందు చూపిస్తుంది దీనివల్ల ఏమేం మారతాయో, ఆమే పెట్టిన మర్యాద అది, చూపించింది. ఆమెకి వదిన అక్క. బాగుంది. వదినకి ఆమె చెల్లెలు. బాగుంది. వదినకి అన్నయ్య, సోదరుడు. కింద ఎర్రగా, పాత పెళ్ళి గీత తోబుట్టువుల మధ్య ఉంది, చెల్లదు, సంబంధిత ఆఫీసులన్నిటికీ తెలియజేయమంటారా? నవ్వొచ్చింది. ఆపుకోలేక, బిగ్గరగా, ఆస్పత్రి వసారాలో, అందరూ తిరిగి చూశారు, ఎవరో అయ్యో పాపం అన్నట్టు చూశారు, ఏడుపనుకున్నారేమో, కొంచెం అదీ ఉంది. మొగుణ్ణి అన్నని చేసేసింది! బ్యాంకులో, బడిలో, పెళ్ళిళ్ళ ఆఫీసులో, అన్ని చోట్లా, ఒక్క దెబ్బతో. వదిన లేచాక చెప్తే కుట్లు తెగేలా నవ్వుతుంది. చెప్పాలంటే లేవాలి. వేలు వెనక్కి తీసింది, గీత మాయమైంది, తాళం మూసింది, మూసి, పేచీకి రాసింది, ఇవాళ ముద్ర వద్దు, మనం రెండు పనులు కలిపేశాం, నువ్వన్నదే. వెంటనే వచ్చింది జవాబు. పెద్దాయన నన్ను తింటాడు. ఆ వెంటనే ఇంకొకటి. తిననివ్వండి, బక్కపలచగా ఉన్నాను, ఆయనకి చాలను.

కౌంటరాయన అద్దం తలుపులోంచి చెయ్యి ఊపుతున్నాడు. పరుగున వెళ్ళింది. ఆయన చెవి దగ్గర ఫోన్, మొహం వాడిపోయి ఉంది. "లోపలినుంచి కబురొచ్చింది, బంధువుల్ని లైన్లో పెట్టమన్నారు. ఈ అక్కగారు నా మాట నమ్మట్లేదండీ, ఏదో మోసం ఫోనంటున్నారు. మీరే మాట్లాడండి, ఎవరైతేనేం." బంధువుల్ని లైన్లో పెట్టమన్నారు అంటే ల్యాబులో తేలిందన్నమాట, అంటే చెడ్డదేనన్నమాట. ఫోన్ పుచ్చుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది అవతలి గొంతు. వదిన గొంతే, ఇంకొంచెం గరుగ్గా, ఇంకొంచెం ముసలిగా.

"మీ చెల్లెలి ఆడపడుచునండీ. తను ఆస్పత్రిలో ఉంది. ఆపరేషన్ జరుగుతోంది, గొంతుకి."

"వాడు వదిలేశాడుటగా. ఎవరో చెప్పారు."

"వాడు వదిలేశాడండి. నేను వదల్లేదు."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "అందుకేనా, ఇవాళ వార్తలు ఇంకెవరో చదివారు," అంది ఆవిడ, తనలో తను అనుకున్నట్టు. తర్వాత గట్టిగా, "గొంతుకేమయింది?" ఆమె చెప్పింది, గడ్డ, ఒక పక్క, రెండో పక్క, నరం, డాక్టరమ్మ బయటికొస్తుంది, మిమ్మల్ని అడుగుతుంది, యంత్రంలో మీరే ఉన్నారు. వదిన అన్న మాట కూడా చెప్పింది, కుట్టేసి లేపి అడగమంది అని. "అదేం మాట!" అంది అక్క. "మత్తులో పడున్నదాన్ని లేపి అడిగేదేంటి? ప్రాణం కన్నా ఎక్కువా గొంతు? ఒకేసారి తీసేయమను. పెద్దవాళ్ళం మనం లేమా, తేల్చడానికి?"

ఆమె గోడకి ఆనుకుంది. ఎందుకంటే ఆ మాటలన్నీ తనవే, పొద్దుట్నుంచీ లోపల తిరుగుతున్నవి అవే, తీసేయండి, మొత్తం తీసేయండి, మాట లేకపోయినా ఫరవాలేదు, చేతులతో సైగ చేసినా చాలు, నాకు వదిన కావాలి. నాకు. ఎవరైనా ఆ మాట బయటికి అనేస్తే బాగుండునని చూస్తోంది తను, ఇదిగో అనేవాళ్ళు దొరికారు, చట్టప్రకారం, సక్రమంగా, ఊఁ అని ఫోన్ డాక్టరమ్మకి అందిస్తే చాలు, తను చేసిన పాపం కూడా కాదు. "నాకూ అలాగే అనిపిస్తోందండీ," అంది. "పొద్దుట్నుంచీ అదే అనిపిస్తోంది. కాని తను నన్ను అలా అడగలేదు. నాకేమనిపిస్తుందో చెప్పమని అడగలేదు. నిద్రలో ఉండగా తేల్చొద్దంది. అందరూ అలాగే తేల్చారట. వాడు, మీరు..." అనకూడని మాట అనేశానని నాలుక కరుచుకుంది.

అక్క పెట్టేసిందేమోనని ఫోన్ తీసి చూసుకుంది. "ఇంకా అంత మొండిదేనా?" అంది ఆవిడ చివరికి.

"అంతేనండి. ఇంకొంచెం ఎక్కువే."

ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ, మూతి గుడ్డ గడ్డం కిందికి లాగి, చేతులు ఎక్కడా తగలకుండా ఎత్తి పట్టుకుని, "అక్కగారు లైన్లో ఉన్నారా? తొందరగా చెప్పండి. చెడ్డదే. చిన్నదే, భయపడకండి, కాని చెడ్డదే. రెండో పక్క కూడా ఇప్పుడే తీసేస్తే ఒక పనైపోతుంది. ఏమంటారు?" ఆమె ఫోన్‌ని స్పీకర్లో పెట్టి ముందుకు చాచింది. ఏమంటుందో, ఏమన్నా అది చెల్లుతుంది.

"నేను దాని అక్కనండీ," అంది ఫోను. "ఆ అమ్మాయిని అడగండి. మా చెల్లెలు తనకే చెప్పి వెళ్ళింది."

డాక్టరమ్మ కళ్ళు ఇటు తిరిగాయి. అంతే, ఇంక ఎవరూ లేరు మధ్యలో, యంత్రం లేదు, అక్క లేదు, ఖాళీగా, తెల్లగా ఆ ప్రశ్న ఆమె ముందు నిలబడింది, నోట్లో రెండు మాటలున్నాయి, తనది ముందుకు తోసుకొస్తోంది, పళ్ళ దాకా వచ్చింది, తీ, అన్నంత దాకా వచ్చింది. మింగింది. "కుట్టేసి లేపండి," అంది. "తననే అడగండి."

"మళ్ళీ మత్తివ్వాలి, మళ్ళీ కొయ్యాలి. తర్వాత మీరే అంటారు, అప్పుడే ఎందుకు చెయ్యలేదని."

"అంటే తను అంటుంది."

డాక్టరమ్మ ఒక నిట్టూర్పు విడిచింది, కోపమో అలసటో, "సరే. తెలివొచ్చాక ఈ సంగతి మాకంటే ముందు మీరే చెప్పండి, నేను పక్కనే ఉంటాను," అని వెనక్కి తిరిగి భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎలా చెప్పాలి. చెడ్డదట వదినా. కాదు. ముందు మంచినీళ్ళు కావాలా అనాలి. ముందే ఏమీ అనకుండా చెయ్యి పట్టుకోవాలి, లేకపోతే చెయ్యి పట్టుకుంటేనే తెలిసిపోతుంది, మామూలుగా ఎప్పుడు పట్టుకున్నాను గనక, ముందు నవ్వాలి, నవ్వు రాకపోతే, తను ఏడిస్తే, కుట్ల మీద ఏడవకూడదేమో, అడగలేదు డాక్టరమ్మని, అడగాల్సింది, తను వద్దంటే, అసలే వద్దంటే, తీయించుకోను, గొంతే కావాలి అంటే, అప్పుడు నేనేం చెయ్యాలి, ఊఁ అనాలా, ఊఁ అనగలనా, అది కూడా మొయ్యాలా. మోకాలు మళ్ళీ ఆడుతోంది. నిలబడే ఉంది, అయినా ఆడుతోంది.

"అమ్మాయ్," అంది చేతిలోని ఫోను, చిన్నగా, "ఉన్నావా?"

మరిచేపోయింది. చెవికి ఆనించుకుంది.

"ఉన్నానండి."